మోకాళ్ల నొప్పులకు పత్యం ఎవరు చెప్పారు?

(నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలోని ఒక గ్రామంలో జరిగిన మహిళా సంఘాల సమావేశంలో, ముప్పై ఏళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక సోదరి మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డు విని రాశాము.)

అందరికీ నమస్కారం. అమ్మలకు, అక్కలకు, అరుగు మీద కూర్చున్న తాతలకు కూడా నమస్కారం. ముందుగా ఒక మాట. చాప మీద కూర్చున్నవాళ్లలో మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లు దయచేసి లేచి కుర్చీల్లో కూర్చోండి. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. సర్పంచి గారు ఉన్నారని, పెద్దవాళ్లు ఉన్నారని మొహమాటపడవద్దు. నొప్పి గురించి వినడానికి వచ్చి నొప్పి పెంచుకుని పోవడం ఎందుకు? అవ్వా, మీరే, నీలం చీర అవ్వా, మీరు కూడా. ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని లేవండి. తొందర లేదు, మీరు కూర్చున్నాకే మొదలుపెడతాను.

సరే. ఇప్పుడు ఒకటి అడుగుతాను, చేతులు ఎత్తండి. మోకాళ్లో, నడుమో, కీళ్లో నొప్పిగా ఉన్నాయని చింతపండు మానేసినవాళ్లు ఎంతమంది? చూడండి, సగం చేతులు లేచాయి. వంకాయ మానేసినవాళ్లు? పప్పు? పెరుగు? పెరుగు వాతం చేస్తుందని, చల్లదనమని మానేసినవాళ్లు? అక్కా, మీరు నాలుగింటికీ చెయ్యి ఎత్తారు. మరి మీరు ఏమి తింటున్నారు? అన్నం, వెల్లుల్లి కారం. అంతేనా? అంతే అంటున్నారు.

ఆ అన్నం, ఆ వెల్లుల్లి కారం నాకు బాగా తెలుసు. మా అమ్మ తిన్నది అదే. మాది దేవరకొండ వైపు పల్లె. మా అమ్మకు యాభై దాటాక మోకాళ్లు పట్టుకున్నాయి. ఎవరో చెప్పారు, పులుపు తింటే వాతం అని. పులుపు మానేసింది. ఇంకొకరు చెప్పారు, పప్పు తింటే వాతం అని. పప్పు మానేసింది. పెరుగు మానేసింది, చిక్కుడుకాయ మానేసింది, చామగడ్డ మానేసింది. పదేళ్లలో ఆమె పళ్లెంలో మిగిలింది తెల్లన్నం, ఒక పక్కన చిటికెడు వెల్లుల్లి కారం, దాని మీద ఒక చుక్క నూనె. ఆ పళ్లెం ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంటుంది. ఆమె వేళ్లతో కారాన్ని అన్నంలో కలుపుతుంటే గాజులు మోచేతి దాకా జారేవి. అంత సన్నబడింది చెయ్యి. నేను నర్సును. ఊళ్లో అందరి బీపీ చూసేదాన్ని. మా అమ్మ పళ్లెం మాత్రం చూడలేదు. నొప్పులు తగ్గలేదు. ఒకరోజు తెల్లవారుజామున వాకిలి ఊడుస్తూ గడప దగ్గర కాలు జారి పడింది. తుంటి విరిగింది. గుల్లబారిన ఎముక, చిన్న దెబ్బకే విరిగింది. ఆ మంచం మీదనుంచి లేవలేదు.

అందుకే ఇప్పుడు ఏ ఊరికి పిలిచినా పోతున్నాను. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. మన ప్రాంతంలో కీళ్ల నొప్పులకు పత్యం పనికిరాదు. కావలసింది తిండి. మంచి నీరు, కడుపునిండా మంచి తిండి, కాళ్లకు కదలిక. మందులు, ఆకులు, నూనెలు వాటి తరువాత. ఈ వరుస తిరగబడితే మా అమ్మకు జరిగిందే జరుగుతుంది.

ముందు నీళ్లు అన్నాను. ఎందుకు? వరంగల్‌లోనో, హైదరాబాదులోనో మాట్లాడితే నేను నీళ్లతో మొదలుపెట్టను. బరువుతో మొదలుపెడతాను. మర్రిగూడలో మాట్లాడుతున్నాను కాబట్టి నీళ్లతో మొదలుపెట్టాలి. మన కింద ఉన్న నల్లరాయిలో ఫ్లోరైడ్ ఉంది. బోరు ఎంత లోతుకు పోతే నీళ్లు అంతసేపు ఆ రాయిని తాకి, అందులోనిది కరిగించుకుని పైకి వస్తాయి. తాగే నీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మన దగ్గర ఎన్నో బోర్లలో అంతకు రెట్టింపు, మూడు రెట్లు, ఇంకా ఎక్కువ కూడా ఉంది. అది ఒంట్లోకి పోయి ఏమి చేస్తుంది? ఎముకలో చేరుతుంది. కీళ్ల చుట్టూ ఉండే నరాల్లాంటి పట్టీలను గట్టిపరుస్తుంది. మొదట నడుములో, మెడలో బిగుతు. తరువాత కీళ్లు పట్టేసుకోవడం. తరువాత వంగిపోవడం. ఇక్కడ ఉన్న పెద్దవాళ్లకు నేను వర్ణించనక్కరలేదు, ప్రతి వాడలో చూశారు.

ఈ బాధ కోసం మన జిల్లా ఎంత కొట్లాడిందో పిల్లలకు తెలియదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండలో ఎంతమంది నిలబడ్డారో తెలుసా? 480 మంది. మాకు నీళ్లు లేవు, ఉన్న నీళ్లు విషం అని దేశానికి చెప్పడానికి అంతమంది నామినేషన్లు వేశారు. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది. నీళ్లలోని ఫ్లోరైడ్‌ను పటికతో, సున్నంతో తీసే ఒక పద్ధతి ఉంది. నాగ్‌పూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ కనిపెట్టింది. దాని పేరు 'నల్లగొండ పద్ధతి'. టాంజానియాలో, ఇథియోపియాలో కూడా ఆ పేరుతోనే వాడారు. మన ఊరి పేరు ప్రపంచానికి అలా తెలిసింది, చూడండి.

ఇప్పుడు ప్రభుత్వ పథకం మిషన్ భగీరథ నీళ్లు వస్తున్నాయి. కృష్ణ నీళ్లు ఇంటి ముందు నల్లాలో వస్తున్నాయి. కానీ నేను ఇళ్లకు పోయి చూస్తున్నాను కదా, తాగడానికి భగీరథ నీళ్లో, క్యాను నీళ్లో, వంటకు మాత్రం బోరు నీళ్లు. పప్పు ఆ నీళ్లతోనే రుచి అంటారు. ఇక్కడే మోసపోతున్నాము. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. పోకపోగా, ఆవిరిగా నీళ్లు పోయి అది మిగులుతుంది, ఇంకా చిక్కబడుతుంది. గంజి వార్చినా, అన్నం ఉడికే లోపల అది గింజలోకి పోయే ఉంటుంది. కాబట్టి తాగే నీళ్లు, వండే నీళ్లు, ఛాయ్ పెట్టే నీళ్లు, పిండి కలిపే నీళ్లు, నాలుగూ ఒకటే కావాలి. బోరు నీళ్లతో బట్టలు ఉతకండి, గేదెను కడగండి. వంటింట్లోకి తేకండి.

ఛాయ్ అన్నాను కాబట్టి చెబుతాను. తేయాకు చెట్టు నేలలోని ఫ్లోరైడ్‌ను ఆకుల్లోకి లాక్కుంటుంది. చిక్కటి ఛాయ్ అంటే కొంత ఫ్లోరైడ్. పొలం దగ్గర ఒకటి, ఇంట్లో రెండు, ఎవరైనా వస్తే ఒకటి, రోజుకు ఆరేడు తాగుతున్నారు. దాన్ని రెండుకు తెండి. మీ నొప్పికీ మంచిది, చక్కెర కూడా తగ్గుతుంది. చాట్ లాంటి వాటిలో వేసే నల్ల ఉప్పు కూడా తగ్గించండి, అందులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది.

మరి నా నొప్పి ఫ్లోరైడ్ వల్లనా, వయసు వల్లనా అని ఎట్లా తెలుస్తుంది? ఇంట్లో చూసుకునే మూడు పరీక్షలు ఉన్నాయి. ఇప్పుడే చేద్దాము. చేతనైనవాళ్లు నిలబడండి. పడేట్టు ఉంటే వద్దు, పక్కవాళ్లను చూడండి. మొదటిది, గదుమ ఛాతీకి ఆనించండి. ఆనిందా? రెండోది, మోకాళ్లు వంచకుండా ముందుకు వంగి కాలి వేళ్లు తాకండి. మూడోది, రెండు చేతులూ పైకి ఎత్తి తల వెనక పట్టుకోండి. బాపూ, మీరు తల తిప్పకుండా ఒళ్లంతా తిప్పుతున్నారు, నేను చూశాను. మీరు సమావేశం అయ్యాక నాతో మాట్లాడి పోవాలి. ఈ మూడూ చేయలేనివాళ్లందరికీ ఫ్లోరోసిస్, అంటే ఈ ఫ్లోరైడ్ జబ్బు, ఉందని నేను చెప్పడం లేదు. బాగా లావున్నా, నడుము డిస్కు జారినా వంగలేరు. మూడూ కష్టమైతే మాత్రం ఒకసారి మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష, ముంజేతికి ఒక ఎక్స్‌రే తీయించుకోండి. పళ్ల మీద గోధుమరంగు గీతలు చూసి చెప్పవచ్చు అనుకుంటారు. అది పసితనంలో, పళ్లు చిగురు కింద తయారవుతున్నప్పుడు ఆ నీళ్లు తాగినవాళ్లకే పడుతుంది. ఇరవై ఏళ్లకు కోడలుగా ఈ ఊరికి వచ్చినవాళ్ల పళ్లు తెల్లగా ఉండి, నడుము మాత్రం పట్టేసుకుపోవచ్చు. పళ్లు బాగున్నాయి కదా అని నిశ్చింతగా ఉండవద్దు.

ఒకసారి ఎముకలో గట్టిపడినది మందుతో కరగదు. ఎవరైనా కరిగిస్తామంటే నమ్మవద్దు. కానీ నీళ్లు మార్చి తిండి పెంచితే ముదరకుండా ఆపవచ్చు, మొదటి దశలో ఉన్నవాళ్లకు నొప్పి తగ్గుతుంది కూడా. ఇది నేను కళ్లారా చూసిన సంగతి.

ఇప్పుడు పళ్లెం దగ్గరికి వద్దాము. చింతపండుతోనే మొదలుపెడతాను, మీరందరూ చేతులెత్తింది దానికే కదా. హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు కొంతమంది పిల్లలకు రోజూ 10 గ్రాముల చింతపండు ఇచ్చి, వాళ్ల మూత్రం పరీక్షించి చూశారు. ఏమయింది? ఫ్లోరైడ్ మామూలుకన్నా ఎక్కువగా మూత్రంలో బయటికి పోయింది. విన్నారా? మన నల్లగొండలో, ఫ్లోరైడ్ నీళ్లు తాగిన మనము, నొప్పుల పేరు చెప్పి దేన్ని మానేశాము? చింతపండును. మన తాతముత్తాతలు పచ్చిపులుసు ఊరికే తాగలేదమ్మా. పల్చగా, ఉల్లిగడ్డ వేసి, కాల్చిన మిరపకాయ నలిపి, నువ్వుల పొడి చల్లి చేసుకునేవాళ్లు. పచ్చిపులుసు తినండి. చింతచిగురు వచ్చినన్ని రోజులు చింతచిగురు తినండి. కడుపులో మంట, పుండు ఉన్నవాళ్లు పులుపు తగ్గించుకోవాలి, నిజమే. మోకాళ్ల కోసం మానేయనక్కరలేదు.

పప్పు? మానవద్దు. కాలికి బలం ఎముకది ఒక్కదానిదే కాదు, తొడ కండది కూడా. తొడలో కండ ఉంటే మోకాలి మీద భారం తగ్గుతుంది. కండ ఎక్కడినుంచి వస్తుంది? పప్పు, గుడ్డు, పాలు, పెరుగు, చేప, మాంసం. ఇవన్నీ తీసేసి కాలు బలంగా ఉండమంటే ఎట్లా ఉంటుంది? పెరుగు చల్లదనం అని మానేసినవాళ్లు ఇవాళ మధ్యాహ్నమే తినండి. కొందరికి ఏదో ఒక కూర తిన్నాక నొప్పి ఎక్కువైనట్టు నిజంగా అనిపిస్తుంది, నేను కాదనను. అట్లాంటివాళ్లు ఆ ఒక్కదాన్ని రెండు మూడు వారాలు ఆపి చూడండి, మళ్లీ తిని చూడండి. తేడా ఉంటే ఆ ఒక్కటి వదలండి. పక్కింటివాళ్లకు పడలేదని మీరు మానవద్దు.

కాల్షియం లెక్క ఒకటి చెబుతాను, ఇది రాసుకోండి. పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలి. ముట్లుడిగిన ఆడవాళ్లకు 1200. మన తెల్లన్నంలో కాల్షియం లేనట్టే. తైదలలో, అదే రాగులు, వంద గ్రాములకు 300 పైనే ఉంటుంది. నువ్వుల్లో వంద గ్రాములకు వెయ్యికి పైనే. మునగాకులో 300 దాకా. ఒక గ్లాసు పాలలో సుమారు 240. ఇప్పుడు పొద్దున యాభై గ్రాముల తైదపిండితో అంబలి తాగారు, 150 వచ్చింది. మధ్యాహ్నం రెండు పెద్ద చెంచాల నువ్వుల పొడి వేసుకున్నారు, ఒక 200. పప్పులో యాభై గ్రాముల మునగాకు, ఒక 150. రాత్రి ఒక గ్లాసు పాలు, 240. వెయ్యిలో దాదాపు ముప్పాతిక వంతు వచ్చేసింది. ఇందులో కొనేవి ఎన్ని? మునగచెట్టు ఎవరి పెరట్లో లేదు? కాయలు అమ్ముకుంటున్నాము, ఆకు మేకలకు వేస్తున్నాము. ఆ మేక కాళ్లు చూడండి ఎట్లా ఎగురుతుందో.

మనకు కాల్షియం వల్ల ఇంకో లాభం ఉంది. అన్నంతో పాటు కాల్షియం ఉంటే కడుపులోనే ఫ్లోరైడ్‌ను పట్టుకుంటుంది, రక్తంలోకి ఎక్కువగా పోనివ్వదు. అందుకే అదే బోరు నీళ్లు తాగిన రెండిళ్లలో, పాడి ఉన్న ఇంటి పిల్లలు నిటారుగా, లేని ఇంటి పిల్లలు కాళ్లు వంకరగా కనిపించేవాళ్లు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇది చూసి నాకు అర్థం కాలేదు. తరువాత చదువుకుని తెలుసుకున్నాను. ఇప్పటికీ పాల కేంద్రానికి చివరి చుక్క దాకా పోసి, ఇంట్లో పిల్లలకు ఛాయ్ పోసే తల్లులు ఉన్నారు. ఒక్క గ్లాసు ఇంట్లో ఉంచండమ్మా. ఒక్క గ్లాసు.

నువ్వులు బతుకమ్మకు సద్దిలోనూ, సంక్రాంతికి సకినాల్లోనూ మాత్రమే గుర్తుకు వస్తున్నాయి. వేయించి, ఎండుమిరపకాయ, వెల్లుల్లి, ఉప్పు వేసి దంచి సీసాలో పెట్టుకోండి. దంచకుండా తింటే గింజ గింజలాగే బయటికి పోతుంది. చెరువు పరకలు, అదే చిన్న చేపలు, దొరికితే ముల్లుతో సహా నమిలి తినండి, అందులోనూ కాల్షియమే. ఎండు పరకలైతే నీళ్లలో నానబెట్టి ఉప్పు తీసేయండి, బీపీ ఉన్నవాళ్లు కదా మీరంతా. పాయ తాగితే మోకాళ్లు గట్టిపడతాయంటారు. తాగండి, రుచిగా ఉంటుంది, కానీ బొక్కలోని కాల్షియం నీళ్లలోకి దిగేది చాలా తక్కువ. పాయ మీద పెట్టే డబ్బులతో వారం రోజుల గుడ్లు వస్తాయి.

ఉసిరికాయ, జామకాయ, నిమ్మకాయ, వీటిలోని సి విటమిన్ మనకు ముఖ్యం. అది తక్కువైనచోట ఫ్లోరైడ్ బాధ ఎక్కువగా ఉంటుంది. ఎండ కూడా తిండిలాంటిదే. పొలానికి పోయేవాళ్లకు కొరత లేదు. ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టేవాళ్లు, మిషను కుట్టేవాళ్లు, మీరు రోజూ కాసేపు చేతులకు, కాళ్లకు ఎండ తగలనివ్వండి.

లావుగా ఉన్నవాళ్లకు ఒక లెక్క. ఒంట్లో ఒక కిలో తగ్గితే, అడుగు వేసిన ప్రతిసారీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. అయిదు కిలోలు తగ్గితే అడుగుకు ఇరవై కిలోలు. సిమెంటు బస్తాలో దాదాపు సగం అది. దానికోసం ఏమి తగ్గించాలి? కూర కాదు, అన్నం. పెద్ద పళ్లెం నిండా అన్నం, చిటికెడు కూర కదా మన లెక్క. దాన్ని తిప్పండి. రాత్రి జొన్నరొట్టె ఒకటి, కూర గిన్నెడు.

ఇక ఇంటి వైద్యాలు. ఇవి వద్దని నేను అనను. నేను కూడా చేసుకుంటాను. కానీ ఏది ఎంత చేస్తుందో తెలుసుకుని చేసుకోవాలి. కాపడం మంచిది. ఉప్పు వేయించి గుడ్డలో మూట కట్టి కాపడం పెడితే పట్టేసిన కండ వదులుతుంది. పని చేసేది వేడి. ఉప్పు వేడిని పట్టి ఉంచుతుంది, అంతే. వావిలాకు మరిగించిన నీళ్లు పోసుకుంటే హాయిగా ఉంటుంది, పోసుకోండి. ఆముదపు ఆకుకు నూనె రాసి వెచ్చచేసి కట్టుకోండి. షుగర్ ఉన్నవాళ్లకు కాళ్లు మొద్దుబారి వేడి తెలియదు. వాళ్లకు కాపడం పెట్టేవాళ్లు ముందు తమ చేతి మీద పెట్టుకుని చూడాలి. నేను కాలిన పాదాలకు ఎన్ని కట్లు కట్టానో. కీలు ఎర్రగా ఉబ్బి, ముట్టుకుంటే వేడిగా ఉంటే దాని మీద వేడి పెట్టకండి, చల్లని తడిగుడ్డ వేయండి.

పసుపు మంచిదే, వాపు కొంత తగ్గిస్తుంది. కానీ ఉత్త పసుపు ఒంటికి సరిగ్గా పట్టదు. మిరియాల పొడి, కాస్త నెయ్యో నూనెయో తోడైతే పడుతుంది. పాలలో వేసుకోండి, కూరలో వేసుకోండి. పసుపు మాత్రలని ఎక్కువ ఎక్కువ మింగకండి, కొందరికి కాలేయం దెబ్బతింది. రక్తం పల్చబడే మందు వాడుతున్న గుండెజబ్బు వాళ్లు డాక్టరును అడగకుండా అసలు ముట్టుకోవద్దు. మెంతులు నానబెట్టి తినేవాళ్లు షుగర్ మాత్రలు వేసుకుంటుంటే షుగర్ మరీ పడిపోకుండా చూసుకోండి.

జాగ్రత్త పడవలసినవి, చేయకూడనివి కలిపి మూడు. జిల్లేడు ఆకు కడితే కట్టండి కానీ దాని పాలు కంట్లో పడితే చూపు దెబ్బతింటుంది, ఆ చేత్తో కన్ను తుడవకండి. పిల్లలను దగ్గరికి రానివ్వకండి. నల్లజీడి పెట్టడం వద్దే వద్దు, చర్మం కాలి పుండు పడుతుంది. కొడవలి కాల్చి మోకాలికి వాతలు పెట్టడం, ఇంకా జరుగుతూనే ఉంది. ఆ కాలిన నొప్పికి లోపలి నొప్పి కాసేపు మరుపుకు వస్తుంది, అంతే. మచ్చ చచ్చేదాకా ఉంటుంది.

వీటన్నిటికన్నా నాకు భయం వేసేది ఇంకొకటి. సంతలో, బస్టాండులో, కొందరు ఇంటికే వచ్చి పేరు లేని నల్ల గుళికలు, పొడులు అమ్ముతున్నారు. చెట్ల మందు అంటారు. మూడు రోజుల్లో నొప్పి మాయం. అమ్మా, ఏ చెట్ల మందూ మూడు రోజుల్లో ముప్పై ఏళ్ల నొప్పిని మాయం చేయదు. అంత వేగంగా తగ్గిందంటే అందులో స్టెరాయిడ్ కలిపి ఉండవచ్చు. ఆరునెలలు వాడాక ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది. ఆకలి పెరుగుతుంది. షుగర్ వస్తుంది. ఎముక గుల్లబారుతుంది. ఏ ఎముక కోసం మింగారో ఆ ఎముకే పోతుంది. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవాళ్లు ఇవాళ నా మాట విని హఠాత్తుగా ఆపకండి, అది ప్రాణం మీదికి వస్తుంది. ఆ పొట్లం తీసుకుని ఆసుపత్రికి పోండి, డాక్టరు మెల్లగా తగ్గిస్తారు. మందుల దుకాణంలో రోజూ కొనే నొప్పి మాత్రలూ అంతే. డైక్లోఫెనాక్ లాంటివి రోజూ మింగితే కడుపులో రక్తం కారుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. నాట్ల రోజుల్లో కూలి పోతుందని పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకుని పొలంలో దిగుతున్నారు. మీ అవసరం నాకు తెలుసు. అందుకే బతిమాలి చెబుతున్నాను.

నొప్పులన్నీ ఒకటి కావు, ఇది కూడా వినండి. కాలి బొటనవేలు మొదట్లో అర్ధరాత్రి నిప్పు పెట్టినట్టు నొప్పి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు, అది గౌటు. యూరిక్ యాసిడ్ వల్ల వస్తుంది. మగవాళ్లలో ఎక్కువ. అక్కడ మాత్రం పత్యం ఉంది, బీరు, సారా ఆపాలి, కార్జం, తలకాయ కూర తగ్గించాలి. పప్పుకు, ఆకుకూరకు దానితో పెద్దగా సంబంధం లేదు. జ్వరం వచ్చి తగ్గాక నెలల తరబడి కీళ్లు పట్టేసుకుంటే అది చికున్‌గన్యా కావచ్చు.

ఇంకొకటి చెబుతాను, దీనికి మాత్రం ఆలస్యం చేయకండి. పొద్దున లేవగానే రెండు చేతుల వేళ్లూ బిగుసుకుపోయి గంట దాకా వదలకపోతే, వేలి కణుపులు ఉబ్బితే, ఆకులు కట్టుకుంటూ కూర్చోకండి. ఇది రుమటాయిడ్ కీళ్లవాతం కావచ్చు. ఆడవాళ్లకు ఎక్కువ, చిన్న వయసులో కూడా వస్తుంది. నా దగ్గరికి ఇరవై ఎనిమిదేళ్ల అమ్మాయి వచ్చింది. గేదె పొదుగు పట్టుకోలేకపోతున్నాను, పాలు పిండలేకపోతున్నాను అంది. రెండేళ్లు ఆకుపసరు కట్టించుకుంది. వచ్చేసరికి వేళ్లు పక్కకు వంగిపోయాయి. రెండేళ్ల ముందు వచ్చి వారానికి ఒకసారి వేసుకునే మాత్ర మొదలుపెట్టి ఉంటే ఆ వేళ్లు నిలిచేవి. దానికి కీళ్లవాతం డాక్టరు వేరే ఉంటారు, ఆయన దగ్గరికే పోవాలి. అట్లాగే జ్వరంతో ఒక్క కీలు ఎర్రగా ఉబ్బినా అదే రోజు ఆసుపత్రికి పోవాలి, మరునాడు కాదు.

చేతికర్ర పట్టుకునేవాళ్లు ఎవరు ఉన్నారు? తాతా, మీకు ఏ మోకాలు నొప్పి? కుడిది. కర్ర ఏ చేతిలో ఉంది? కుడి చేతిలోనే. అందరూ అదే చేస్తారు. కర్ర ఎడమ చేతిలోకి తీసుకోండి. నొప్పి కాలు ముందుకు వేసేటప్పుడే కర్ర కూడా ముందుకు వేయండి. అప్పుడు భారం పంచుకుంటుంది. ఒకసారి ఆ గోడ దాకా నడిచి రండి. ఎట్లా ఉంది? తేలికగా ఉందంటున్నారు. ఎన్నేళ్లుగా కుడి చేతిలో పట్టుకున్నారు? ఆరేళ్లు.

కింద కూర్చుని లేవడం తగ్గించండి. పొయ్యిని గట్టు మీదికి ఎక్కించండి. కూరగాయలు కోయడానికి పీట వద్దు, స్టూలు వేసుకోండి. మరుగుదొడ్డి మీద పెట్టుకునే ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి, ఇంట్లో పెద్దవాళ్లకు అది కొనిపెట్టండి, వాళ్లు అడగరు. నొప్పి ఉంది కదా అని మంచానికి అంటుకుపోవద్దు, కదలని కీలు ఇంకా బిగుస్తుంది.

ఇప్పుడు కుర్చీల్లో ఉన్నవాళ్లందరూ నాతో చేయండి. వీపు కుర్చీకి ఆనించండి. కుడికాలు మెల్లగా ముందుకు చాపండి, మోకాలు నిటారుగా. కాలివేళ్లు మీ వైపు లాగండి. తొడ మీద చెయ్యి వేసి చూడండి, గట్టిపడిందా? ఆ కండ కోసమే ఇదంతా. పది లెక్కపెట్టేదాకా పట్టి ఉంచండి. ఊపిరి బిగపట్టకండి, లెక్క పైకి చెప్పండి. ఒకటి, రెండు, మూడు. అవ్వా, కొంచెం కిందికి ఉన్నా ఫరవాలేదు. పది. దించండి. ఇప్పుడు ఎడమది. ఇట్లా ఒక్కో కాలికి పదిసార్లు, పొద్దున, సాయంత్రం. టీవీ చూస్తూ చేసుకోవచ్చు. ఆరు వారాలు వదలకుండా చేయండి, అప్పుడు నాకు చెప్పండి.

పోయేముందు, గుమ్మం దగ్గర గోనెసంచిలో నల్లేరు తెచ్చాను. మా చేను గట్టున కంచె మీద పాకింది. ఇది మోకాళ్ల మందు అని నేను చెప్పను, మంచి పచ్చడి అని చెబుతాను. లేత కాడలే తీసుకోండి. కణుపుల దగ్గర నార తీసి, ముక్కలు నూనెలో పచ్చివాసన పోయేదాకా వేయించి, వేయించిన నువ్వులు, ఎండుమిరప, చింతపండు వేసి రోట్లో నూరండి. చింతపండు వేయకపోతే గొంతు దురద పెడుతుంది. చూశారా, మళ్లీ చింతపండే వచ్చింది. కిడ్నీలో రాళ్లు ఉన్నవాళ్లు వద్దు. మిగిలినవాళ్లు తలా రెండు కాడలు తీసుకోండి, ఉత్త చేత్తో తుంచితే చేతులు కూడా దురద పెడతాయి, సంచి పక్కన గిన్నెలో నూనె ఉంది, ముందు చేతులకు రాసుకోండి. నీలం చీర అవ్వా, మీరు లేవకండి, మీవి నేను తెచ్చి ఇస్తాను.